అతుకుల బొంత

నాలుగైదు పార్టీలు కలిసి యొక మంత్రివర్గము నేర్పరచినయెడల మన పత్రికలవారు దానికి వెంటనే పెట్టు పేరు "అతుకుల బొంత". పొందిక లేని కావ్యమును, పలు పుస్తకములనుండి ఎత్తి వ్రాసిన వ్యాసమును మనము ఆ మాటతోనే నిందింతుము. తెలుగు పండితుడనగుటచే నేనును ఎన్నో యేండ్లుగా విద్యార్థుల వ్యాసములపై ఎఱ్ఱసిరాతో ఆ మాటనే వ్రాయుచు వచ్చితిని. ఇకమీదట వ్రాయను. బొంత కుట్టుట యెఱుగనివారే దానిని తిట్టుగా వాడుదురని నాకిప్పుడు తోచుచున్నది. అంతియకాదు, మన పాఠశాలలో చిత్రలేఖనముతోపాటు బొంత కుట్టుటయు బాలబాలికలకు నేర్పవలెనని నా యభిప్రాయము. పండితునికి ఈ సూదిగొడవ యెందులకని నవ్వువారు నవ్వవచ్చును. కాని నా మాట కొంచెము వినుడు.

గత సంవత్సరము వార్షికోత్సవమున చేతిపనుల ప్రదర్శనమునకు నియమింపబడిన ముగ్గురు నిర్ణేతలలో నేనొకడను. పల్నాటి వైపు పల్లెనుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొనుచున్న తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన అమ్మమ్మ కుట్టిన బొంతను తెచ్చి బల్లపై పఱచెను. పైభాగమంతయు వెలిసిన ఎఱ్ఱచీర. ఒక ప్రక్క మాత్రము నల్లని వెడల్పు పట్టీ. దూరముగా ఒక మూల అఱచేయంత పసుపుపచ్చని గుడ్డముక్క. తక్కినదంతయు ఖాళీ. "ఇందులో పనితనమేమున్నది? పాతగుడ్డలే గదా" అని మాలో నొకరనిరి. నేను కాదనలేదు. మొదటి బహుమానము మఱియొక బాలిక కుట్టిన నక్షత్రముల దుప్పటికి వచ్చినది. ఆమె ఫోనులో అమెరికాదేశపు నమూనాను చూచి, దుకాణమున క్రొత్తగుడ్డలు కొని, వానిని కోణములుగా కత్తిరించి కుట్టినది. ఆ బాలిక శ్రమను నేను తక్కువచేయను. తప్పు ఆమెది కాదు, కొలత పట్టిన మాది.

సాయంకాలమునకు, బహుమానము పొందిన వస్తువులు పెట్టుటకై తెచ్చిన బల్లకు పగుళ్లుండుటచే, ఆ పగుళ్లు కనబడకుండ అమ్మమ్మ బొంతను దానిపై పఱచిరి. పఱచిరి అని వ్రాయుట అన్యాయము, పఱచినవాడను నేనే.

పఱచునప్పుడు దాని మెత్తదనము చేతికి తగిలి, ఒక అంచును త్రిప్పి చూచితిని. వెనుకవైపున కుట్టు తేటగా కనబడుచున్నది. తెల్లని దారపు వరుసలు నాగటిచాళ్లవలె ఒకదాని ప్రక్క నొకటి నిడుపునను సాగి, ఆ పసుపుపచ్చని ముక్క యున్నచోట మాత్రము, పొలములో బావి అడ్డము వచ్చినప్పుడు నాగలి చుట్టి పోయినట్లు, దానిని చుట్టి మరల తమ దారిని పట్టినవి. అట్లు చుట్టవలసిన పని లేదు. గుడ్డ నిలుచుటకు సూటిగా కుట్టినను చాలును. ఆమె కావలెననియే చుట్టినది. ఆ బాలికను పిలిచి ఆ ముక్క యేమని యడిగితిని. "అది మా అమ్మ చిన్నప్పటి గౌనండి మాస్టారూ" అని చెప్పినది. నేను మఱేమియు అడుగలేకపోయితిని.

బొంత కుట్టుట యెట్లో మన బాలురలో పెక్కుమందికి తెలియదు. కావున కొంచెము విపులముగా చెప్పెదను. 12 మూరల చీరను మూడు మడతలు వేసినచో 4 మూరల నిడివియు, రెండున్నర మూరల వెడల్పును గల మూడు పొరల పఱపు వచ్చును. ఆఱడుగుల మనిషి పండుకొనుటకు అది సరిపోవును. కత్తెర పెట్టనక్కఱలేదు, బద్ద పట్టనక్కఱలేదు. నేతగాడు వేసిన కొలతయే బొంతకును కొలత. రెండు చీరలైనచో ఆఱు పొరలు. పాశ్చాత్యుల దుప్పటికి పైగుడ్డ, అడుగుగుడ్డ, వాని నడుమ దూదిపొర అని మూడు భాగములు. మన బొంతకు నడుమను ప్రత్యేకముగా దూది లేదు. చినిగిన చీర, అరిగిన పంచె లోపలికి పోవును. కొంత సత్తువ మిగిలిన గుడ్డ పైకి వచ్చును. ఏది లోపలికి, ఏది పైకి అని తేల్చుటతోనే రూపకల్పన మొదలైనది.

పాతగుడ్డయే యెందులకు? పేదతనముచేత నని మనమందుము. అది సగము నిజము. నూఱుమాఱులు ఉతికిన నూలుగుడ్డలో గంజి యుండదు, సూది సులభముగా దూరును, చెమటను పీల్చును, మరి కుంచించుకొనదు. క్రొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకులకు కుంచించుకొని, తనతో కుట్టబడిన పాతగుడ్డను లాగి చింపును. పాతవస్త్రమునకు క్రొత్తగుడ్డ మాసికను గూర్చి సువార్తలో నున్న ఉపమానమును మన పాఠశాలలో అందఱును విన్నవారే. దానిలోని మర్మము బొంత కుట్టు ప్రతి స్త్రీకిని చేతివ్రేళ్లకు తెలియును.

గుడ్డలను ఉతికి యెండవేసి, వాకిట పఱచి, మూలలకు రాళ్లు పెట్టి, ముందుగా పెద్ద పెద్ద కుట్లతో పొరలు జాఱకుండ పట్టు వేయుదురు. తరువాత అసలు కుట్టు. గోనెసంచులు కుట్టు దబ్బనము దీనికి పనికిరాదు, తూట్లు పడును. పొడవైన సన్నని సూది కావలెను. కుడిచేయి కుట్టుచుండగా ఎడమచేయి ముడుతలను సవరించుచుండవలెను. అంగుళము ఎడముగా వరుసలు వేసినచో 45 వరుసలు. వరుసకు 72 అంగుళములు. వెరసి 3,240 అంగుళములు. అంగుళమునకు 3 కుట్లు చొప్పున లెక్కించిన 9,720 కుట్లు. ఇది నేను కాగితముపై వేసిన లెక్క. కుట్టువారు లెక్క పెట్టరు. ప్రొద్దు ఎంత యెక్కినదో చూచుకొందురు.

ఇక అతుకుల సంగతి. పండుకొనువాని భుజములు తగులుచోటను, మడమలు రాచుకొనుచోటను బొంత ముందుగా అరుగును. అతుకు అక్కడ పడును. కావున అతుకులు ఎక్కడబడిన అక్కడ వేసినవి కావు. మనిషి దేహము గుడ్డపై వ్రాసిన గుఱుతులవి. "గంతకు తగిన బొంత" యని మన సామెత. దానిని ఎగతాళికే వాడుచున్నాము గాని, తగియుండుట యను గుణమును బొంతకు ఇచ్చినందులకైనను ఆ సామెత చెప్పినవానికి నమస్కరింపవలెను.

అతుకులు గల వస్త్రమును బుద్ధిపూర్వకముగా రూపకల్పన చేయించిన వృత్తాంతము మన దేశపు ప్రాచీనగ్రంథములలోనే యొకటి కలదు. బౌద్ధుల వినయపిటకమున, గట్లతో మడులుమడులుగా విభజింపబడిన మగధదేశపు పొలములను చూపి, భిక్షువుల చీవరములను ఆ తీరున కుట్టింపగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెననియు, ఆనందుడు అట్లే చేయించెననియు ఉన్నది. పొలమును చూచి గుడ్డను కుట్టుట! ఒకప్పుడు కృష్ణాతీరమున అమరావతియందును నాగార్జునకొండయందును సంచరించిన భిక్షువులు ధరించినవి అతుకుల వస్త్రములే. ఎవ్వరును వారిని చూచి "అతుకుల బొంత" యని నవ్వియుండరు. సంస్కృతమున కంథ యనునది బొంతయే. వంగదేశపు స్త్రీలు పాతచీరల పొరలపై కుట్టు కాంథా యీ మాటయే. ఉత్తర కన్నడ ప్రాంతమున, పూర్వము ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతియగు సిద్దీ స్త్రీలు కుట్టు బొంతకు కవంది యని పేరు; నాలుగు మూలలను గుడ్డతో చేసిన పూవు పెట్టనిదే వారికి బొంత పూర్తియైనట్లు కాదు.

ఇప్పుడు సముద్రము దాటి చూతము. 1971వ సంవత్సరమున న్యూయార్కు నగరమునందలి విట్నీ మ్యూజియమున పాత బొంతలను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. అంతవఱకు మంచముపై నుండిన వస్తువును నిలువుగా చూచునప్పటికి, అందలి రంగుల కూర్పు ఆధునిక చిత్రకారుల పనికి తీసిపోదని చాలమందికి తోచెను. 2009లో లాస్ ఏంజెలీస్ నగరమున "ఆధునిక బొంతల సంఘము" అని చెప్పదగిన సంఘమొకటి వెలసి, తరువాత పలుదేశములకు ప్రాకినది. వారు ఆధునికమను దానికి చెప్పు లక్షణములేవనగా: పూలగుడ్డలు తగ్గించి ఒకే రంగు గుడ్డలు వాడుట, విశాలమైన ఖాళీని విడుచుట, మూలకు మూల సరిగా కలుపవలెనను పట్టుదల మానుట, ఒక్క చిన్న ముక్కను ప్రక్కకు పెట్టి కన్నును అక్కడికి నడిపించుట. ఈ లక్షణములను చదువుచుండగా నా కన్నులకు కట్టినది ఆ యెఱ్ఱచీర, నల్లపట్టీ, మూలనున్న పసుపుపచ్చని గౌనుముక్క. ఆధునికమైన బొంతను బల్లగుడ్డగా పఱచి, పాతనమూనాకు నకలును ఆధునికమని బహుమానమిచ్చితిమి.

అమెరికాలోనే మఱియొక యూరున్నది. దాని కథ మన గుంటూరు, ప్రకాశము జిల్లాలవారికి మిక్కిలి దగ్గఱగా నుండును. అలబామా రాష్ట్రమున నది మూడువైపుల చుట్టి పాఱుచోట జీస్ బెండ్ అను పల్లె కలదు. అది పూర్వము పత్తిసాగు చేయించు దొరల భూమి. అక్కడివారిలో పెక్కుమంది ఆ భూమిలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను కౌలుదారులై పత్తియే పండించుచు, అప్పులలో మునిగియుండిరి. 1932లో అప్పిచ్చిన వర్తకుని కుటుంబమువారు బాకీ క్రింద వారి పశువులను, పనిముట్లను, గాదెలలోని ధాన్యమునుకూడ తోలుకొనిపోయిరి. పత్తి వేసి అప్పుపడుట యేమో మన పల్నాటి రైతునకు వివరింపనక్కఱలేదు. ఆ చలియిండ్లలో స్త్రీలు చినిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుకొనిరి. 1942లో మిజోరీ పెట్‌వే అను నామె తన భర్త చనిపోయినప్పుడు అతని పనిబట్టలను కత్తిరించి, కుమార్తెను తోడు చేసికొని, ఒక బొంత కుట్టినది. మోకాలు అరిగినచోటు, జేబు ఊడినచోటు గుడ్డ వెలియక నిలిచిన ముదురురంగు, అన్నియు అందులో కనబడును. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు సహకారసంఘముగా కూడి బొంతలు అమ్మసాగిరి. 2002లో ఆ యూరి బొంతలను హూస్టన్ నగరపు మ్యూజియమునందును, పిమ్మట విట్నీ మ్యూజియమునందును ప్రదర్శించిరి. 2006లో వానిలో పదింటిని అమెరికా తపాలాశాఖవారు బిళ్లలపై అచ్చువేసిరి.

కథ అంతటితో చక్కగా ముగియలేదు. తమ పనిపై వచ్చిన ధనము తమకు సరిగా అందలేదని ఆ యూరి స్త్రీలు కొందఱు 2007లో న్యాయస్థానమున కెక్కిరి; మఱుసటి సంవత్సరము ఆ వ్యవహారము పరిష్కారమైనది. ఒకని చేతిపనిని మెచ్చుకొనుట వేఱు, అతని పేరును అతని కూలిని అతనికి దక్కనిచ్చుట వేఱు. మన ప్రదర్శనములో ఆ అమ్మమ్మ పేరు చీటిపై లేదు. "పాత బొంత — 9వ తరగతి" అని మాత్రము వ్రాసియుండెను.

నా యభిప్రాయమును తల్లిదండ్రుల సమావేశమున సూచనగా చెప్పినప్పుడు ఒక తండ్రి లేచి యిట్లనెను: "మా అమ్మ బొంత మీదే పండుకుంది, నేనూ బొంత మీదే పెరిగాను. నా కూతుర్ని బడికి పంపింది మళ్లీ బొంతలు కుట్టుకోడానికి కాదు మాస్టారూ." సమావేశమున కొందఱు చప్పట్లు కొట్టిరి. ఆయన మాటను నేను తేలికగా త్రోసివేయజాలను. కప్పుకొనుటకు మఱేమియు లేక కుట్టుకొన్న బొంతను అందమని పొగడుట, కప్పుకొన్నవానికి పుండుపై కారము చల్లినట్లుండును. మిరపకోత కాలమున కర్నూలు వైపునుండి మన ప్రాంతమునకు వచ్చు కూలివారిని మీరు చూచియుందురు. పిల్లలతోను, గిన్నెలతోను, చుట్టిన బొంతలతోను దిగుదురు. కళ్లముల ప్రక్కను, పొలముగట్ల మీదను మంచులో ఆ బొంతలలో పండుకొందురు. వారి పిల్లలు ఆ నెలలలో బడిలో నుండరు. ఆ బొంత నాకు కళాఖండముగా కనబడదు.

ఐనను ఆ తండ్రికి నేను చెప్పదలచినది ఒకటి కలదు. మీ అమ్మగారికి లేనిది దుప్పటి, నేఱుపు కాదు. మనము పేదతనమును వదలించుకొనబోయి ఆమె నేఱుపును కూడ పాఱవైచుచున్నాము. దీనిని కూలిపనిగా కాక, రేఖాగణితముతోను రంగులతోను కలిపి, బాలురకును బాలికలకును సమానముగా నేర్పుదము. బాలికలకు మాత్రమే నేర్పునట్లైన ఆ తండ్రి పక్షమున నేనే చప్పట్లు కొట్టుదును.

మఱియొక సంగతి ఆలస్యమునకు తావియ్యదు. మన నల్లరేగడిలో పండిన పత్తి జిన్నింగు మిల్లులలో గింజ వీడి, బేళ్లుగా కట్టబడి లారీలెక్కి పోవుచున్నది. పత్తి తీయు చేతులు కట్టుకొనునది పాలియెస్టరు చీర. రాత్రి కప్పుకొనునది పానిపట్టువంటి చోట్లనుండి వచ్చు నునుపైన పాలియెస్టరు కంబళి. ఆ చీర చౌక, త్వరగా ఎండును, చాలకాలము మన్నును. కట్టుకొన్నవారిని తప్పుపట్టుటకు నాకు హక్కు లేదు. కాని ఆ చీరలు పొరలుగా కుదురవు; జాఱును, చెమటను పీల్చవు, నిప్పురవ్వ పడిన కరగి అంటుకొనును. ఇంటింట పాత నూలుచీర కఱవైన నాడు, బొంత కుట్టగల ముసలమ్మ యున్నను చేతికి గుడ్డ యుండదు. చీరాలలోను మంగళగిరిలోను మగ్గములు ఇంకను ఆడుచున్నవి. ఆ చీరలు పెట్టెలలో కొన్ని మిగిలియున్నవి. కావున పదేండ్ల తరువాత నేర్పుదమనుట, నేర్పమనుటయే.

రూపకల్పన నేర్పుటకు అమెరికా నమూనాలు అక్కఱలేదు. మార్చినెలలో మన పొలములవైపు పోయి గట్టుపై నిలుచుండిన చాలును. నల్లనేలపై దీర్ఘచతురస్రముగా ఎండబోసిన మిరపకాయలు. ప్రక్కను ఖాళీగా వదలిన మడి. దూరముగా తెల్లని పత్తి కుప్ప. మన పిల్లలకు రంగులు తెలియవని చిత్రలేఖనపు మాస్టరుగారు విచారింతురు. మిరపరైతు బిడ్డకు తెలియకేమి? తేజకాయ యెఱుపు వేఱనియు, బాడిగకాయ ముదురెఱుపు వేఱనియు, తాలుకాయ తెల్లబాఱినదనియు చూడగనే చెప్పును. యార్డులో ధర పలుకునది ఆ భేదముమీదనే. ఆ కంటికి పుస్తకములోని రంగులచక్రము చూపి, నీకేమియు తెలియదనుచున్నాము.

ఈ సంవత్సరపు ప్రదర్శనమునకు ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో ఒక ప్రత్యేక బహుమానము పెట్టుచున్నాము. క్రొత్తగుడ్డ కొనరాదు. మూడు రంగులకు మించరాదు. ప్రతి బొంతకును కుట్టినవారి పేరును, అందలి ప్రతి గుడ్డయు పూర్వము ఎవరిదో, ఏమైయుండెనో తెలుపు చీటియును ఉండవలెను. ఆ చీటి గ్రాంథికమున నున్నను వాడుకభాషలో నున్నను నేను దిద్దను. ఇంటిలోని పెద్దలతో కలిసి కుట్టవచ్చును. వారి పేరు ముందు వ్రాయవలెను. నిర్ణేతలుగా బొంత కుట్టుట యెఱిగిన ముగ్గురు అమ్మమ్మలను పిలువనున్నాము. నేను బల్లలు మోయుదును.

ఆ పల్నాటి బాలికను పిలిచి, పోటీకి కాకున్నను గోడకు వ్రేలాడదీయుటకు అమ్మమ్మ బొంతను మరల తెచ్చెదవా యని యడిగితిని. ఆమె కొంచెము ఆలోచించి యిట్లు చెప్పినది:

"ఇప్పుడు అమ్మమ్మ కప్పుకుంటోందండి మాస్టారూ. చలి తగ్గినాక అడిగి తెస్తాను."